వీపుకి ఆనే సంచి

మా తోడికోడలు టెంటు వేసి చూసుకున్న రోజున నాకు కుళ్ళు పుట్టింది. దానికి ఇంకో మర్యాదైన మాట వెతికి లాభం లేదు. మండపేటలో మా డాబా మీద, నేను వడియాలు పెట్టుకునే చోట, నీలం రంగు గుడ్డ పరిచి, సన్నటి కడ్డీలు దూర్చి, ఐదు నిమిషాల్లో గది కట్టేసింది. లోపలికి దూరి, జిప్పు తీసి తల బయటపెట్టి, "అక్కా, నలుగురు పడతారు. రా, చూద్దువుగాని" అంది. వడియాలకి ఎండ తగలడం లేదని చెప్పి కిందికి వచ్చేశాను.

ఆమె, మా మరిది పైవాటాలో ఉంటారు. పెళ్ళై రెండేళ్ళు. ఇద్దరూ బండి మీద మారేడుమిల్లి అడవికి వెళ్ళి, వాగు ఒడ్డున రెండు రాత్రులు ఉండి వస్తారట. వాళ్ళ స్కూటరు ఘాట్ రోడ్డుకి పనికిరాదని మా ఆయన తన మోటార్ సైకిల్ ఇస్తానన్నారు. ఇస్తే ఇచ్చారు, వారం రోజులు దాని చుట్టూనే తిరిగారు. చైను మార్పించారు, బ్రేకులు చూపించారు, వెనక టైరు కొత్తది వేయించారు. ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజరు. ఆదివారం కూడా ఇంటిపట్టున ఉండని మనిషి, ఒక పూట సెలవు పెట్టి మరీ మెకానిక్ దగ్గర కూర్చున్నారు.

నన్ను ఆ బండి మీద ఊరు దాటించింది ఒక్కసారే. పెళ్ళైన కొత్తలో పట్టిసీమ వెళ్ళి, పడవ మీద ఏరు దాటి వీరభద్రస్వామిని చూసుకుని, సాయంత్రానికల్లా ఇల్లు చేరాం. పదహారేళ్ళ కిందటి మాట. ఆ తరవాత ఆ సీటు మీద నేను వెళ్ళింది ఆసుపత్రికి, బియ్యప్పిండి మరకి.

దారిలో తినడానికి వంట మాత్రం నా వంతు. "అక్కా, నీ చేతి కోడి వేపుడు లేకపోతే మేం అడవిలో ఏం తింటాం" అంది తోడికోడలు. మనస్ఫూర్తిగానే అంది. వంక పెట్టడానికి ఆ పిల్లలో ఏమీ దొరక్కపోవడం నా రెండో బాధ.

బయలుదేరే రోజు పొద్దున్నే లేచి, తడి లేకుండా నాటుకోడి వేయించి స్టీలు డబ్బాలో సర్దాను. మా ఇంట్లో మాంసం గడప దాటి ప్రయాణం కడితే, బొగ్గు ముక్క ఒకటి కాగితంలో చుట్టి మూత మీద పెట్టి, గుడ్డతో మూట కట్టి ఇవ్వాలి. దారిలో గాలీ ధూళీ సోకకుండా. మా అత్తగారు నేర్పిన పద్ధతి. ఆవిడ పోయాక కూడా నేను ఒక్కసారీ తప్పలేదు. దొడ్లో నీళ్ళు కాచే పొయ్యిలోంచి బొగ్గులు ఏరి దాచిపెడతాను. నమ్మకం ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే అంటాను.

బొగ్గు ముక్క చేతిలో ఉండగా వాకిట్లోంచి మా ఆయన గొంతు వినపడింది. తమ్ముడి చేత సామాను కట్టిస్తున్నారు.

"ఆ దుప్పట్ల సంచి అడ్డంగా కాదురా, నిలువుగా పెట్టు. అమ్మాయి ఎనకాల కూచుంటాది కదా. అంత దూరం వీపు లాగేస్తాది. ఆనుకోడానికి ఉండాలి."

"ఎంత ఆలోచించారండి బావగారూ" అంది తోడికోడలు.

కిటికీలోంచి చూశాను. ఆమెను కూర్చోమన్నారు, లేవమన్నారు, సంచి రెండంగుళాలు పైకి జరిపి మళ్ళీ కూర్చోమన్నారు. వీపు నాకూ ఉంది. పదహారేళ్ళుగా ఆయన ఇంట్లోనే తిరుగుతోంది. బొగ్గు ముక్కను తీసుకెళ్ళి బొగ్గుల్లోనే పడేసి, డబ్బా తెచ్చి నవ్వుతూ ఇచ్చాను. నవ్వు బాగానే కుదిరింది. సంచి సర్దుతూ మా ఆయన ఒకసారి లోపలికి వెళ్ళొచ్చారు, తాడు ముక్క కోసమేమో అనుకున్నాను.

బండి వీధి మలుపు తిరిగేదాకా నాకు బాగానే ఉంది. రాజమండ్రి దాటామని ఫోను వచ్చింది. రంపచోడవరం నుంచి ఫోటో వచ్చింది. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. గాలికీ ధూళికీ కాదు, నా బుద్ధికి నాకే భయమేసింది. ఆ మలుపుల్లో వాళ్ళకేమైనా అయితే, అది నా వల్ల కాదని నాకు నేను చెప్పుకోగలనా? మధ్యాహ్నం అన్నం సహించలేదు. అలాగని అసూయ పోయిందా అంటే అదీ లేదు. ఈపాటికి వాగులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంటుందని ఏడుస్తూనే ఉన్నాను.

సాయంత్రం మా ఆయన మిల్లు నుంచి రాగానే గుమ్మంలోనే చెప్పేశాను.

"కోడి డబ్బాకి బొగ్గు పెట్టలేదండి. కావాలనే."

"నేను పెట్టేశాలే" అన్నారాయన చెప్పులు విప్పుతూ. "ఎప్పుడూ మూట కట్టి ఇస్తావు, ఇయ్యాల వట్టి డబ్బా ఇచ్చావు. మర్చిపోయావనుకున్నా."

ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి మళ్ళీ ఒళ్ళు మండింది. "డబ్బా మీద ఉన్న చూపు నా మీద లేదేం? నన్ను ఒక్కసారైనా ఎక్కడికైనా రమ్మన్నారా?"

ఆయన చెప్పులు గోడవారకి నెట్టి ఇటు తిరిగారు. "పట్టిసీమ నుంచి వచ్చిన రోజు నువ్వేమన్నావు? వీపు ఇరిగిపోయింది, ఇంక చచ్చినా ఈ బండి మీద దూరం రానన్నావు. అందుకే మళ్ళీ అడగలేదు."

అనలేదని గట్టిగా అనబోయాను. అన్నాను, గుర్తొచ్చింది. బతిమాలతారని, ఆ వయసు గారాబంతో అన్న మాట. ఆయనేమో దాన్ని లారీ మీద బస్తాలకి తాడు బిగించినట్టు బిగించి, ఇన్నేళ్ళూ విప్పలేదు. వెనక కూర్చున్న మనిషికి వీపు లాగుతుందని ఆయనకు ఎవరు చెప్పారో అప్పుడు తెలిసింది.

కాసేపటికి మారేడుమిల్లి నుంచి ఫోను వచ్చింది. కోడి సగం అప్పుడే అయిపోయిందట.

మూడో రోజు వాళ్ళు ఎండకి నల్లబడి తిరిగొచ్చారు. మా ఆయన బండి మీది కట్లు విప్పి టెంటు దించారు, చిన్న స్టవ్వు దించారు, వీపుకి ఆనే దుప్పట్ల సంచి మీద చెయ్యి వేశారు.

"అది ఉండనివ్వండి" అన్నాను.

"అందులో మా దుప్పట్లున్నాయక్కా" అంది తోడికోడలు.

"మీ దుప్పట్లు మీరు తీసుకోండి. మావి పెడతాను."

చీర కుచ్చిళ్ళు సర్దుకుని బండెక్కి, వెనక్కి ఆనుకుని చూశాను. మా ఆయన తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రెండంగుళాలు కిందికి జరపండి" అన్నాను. "నేను ఆమె అంత పొడుగు కాదు."