పెళ్లి సాంబారు, మూసుకున్న ముక్కు

యుద్ధం రోజుల్లో నేను పెళ్లిళ్లకు వంట చేసేవాణ్ణి. దేవుడికి నైవేద్యం పెట్టకముందు వంట రుచి చూడకూడదు కాబట్టి, ఉప్పు చాలిందో లేదో వాసనతోనే కనిపెట్టాలి. నా ముక్కు రేణిగుంటలో ఉప్పు తగ్గితే తిరుపతిలో పసిగట్టే రకం. కానీ మనసులో బెరుకు పుట్టిందంటే చాలు, రెండు రంధ్రాలకూ ఎవరో బిరడాలు కొట్టినట్టు మూసుకుపోయేది.

వడమాలపేట పెళ్లిలో అదే జరిగింది. ఆ మగపెళ్లివారు అంతకుముందు ఒకచోట ఉప్పు తగ్గిందని పంక్తి మధ్యలో లేచిపోయారట. ఆ మాట విన్నప్పటి నుంచి నేను పొయ్యి చుట్టూ రైలింజనులా తిరుగుతున్నాను. ఏనుగు స్నానం చేసేంత గుండిగలో సాంబారు ఉడుకుతోంది. నా ముక్కుకు మాత్రం అది వేణ్ణీళ్లలాగే ఉంది.

కొబ్బరి తురుముతున్న పెళ్లికూతురి మేనత్త నా వాలకం చూసింది.

"ఏమప్పా, సాంబార్లో దూకేటట్టుండావే?"

"ముక్కు పని చెయ్యలేదమ్మా. ఉప్పు తెలీలా."

"ముక్కు బాగానే ఉండాది. నీకే భయం పట్టుకునింది. ఈడ కూచోని ఈ చిప్ప తురుము. మగపెండ్లోళ్లు నిన్ను తినరులే, ఎముకలే గదా ఉండేది!"

నవ్వుకుంటూ కూర్చుని తురిమాను. చెయ్యి ఒకే తీరుగా ఆడుతుంటే ఊపిరి కూడా దాని వెంట నెమ్మదించింది. కాసేపటికి పచ్చికొబ్బరి వాసన తగిలింది, దాని వెనకే ఇంగువ, ఆ వెనక సాంబారు. లేచి గుండిగ మీదికి వంగాను. ఉప్పు తక్కువే! దోసెడు వేసి కలిపాను.

పంక్తిలో పెళ్లికొడుకు పెదనాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను స్తంభం వెనక ఊపిరి బిగబట్టాను. ఆయన కళ్లు తెరవకుండానే అన్నంలో పెద్ద గుంట చేసి, సాంబారు వడ్డించేవాణ్ణి రమ్మని చెయ్యి ఊపాడు.