మైదాకు చెట్టు తవ్విన ఎండాకాలం

కరోనా పోయిన తర్వాత రెండో ఎండాకాలం అది. సిరొంచ నుంచి అంకిస పోయే రోడ్డు పక్కన ఒక నర్సరీలో నేను పని చేస్తున్నాను, ఇప్పటికీ అక్కడే. అంతకు ముందు ఎండాకాలమే మా ఆయన రోడ్డు పనికి పోయి వడదెబ్బ తగిలి చనిపోయాడు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా అన్న బిడ్డ రాస్తోంది.

నర్సరీ అంటే మొక్కలు అమ్మడమే అనుకుంటారు. మా నర్సరీ నడిపే తిరుపతన్నకు ఇంకో పని కూడా ఉంది. పాత ఇళ్లు కూల్చేచోట పెరట్లో ముదిరిపోయిన చెట్లను వేళ్లతో సహా తవ్వి తెచ్చి, కొమ్మలు కత్తిరించి, కుండీలో కురచగా పెంచి చంద్రపూర్, నాగపూర్ వాళ్లకు అమ్ముతాడు. దాన్ని బోన్సాయ్ అంటారు. చిన్న మొక్క తెచ్చి పెంచుకుంటూ కూర్చుంటే మొదలు లావెక్కడానికి ఒక మనిషి వయసు పడుతుంది. ముదురు చెట్టుకైతే మొదలు తయారుగా ఉంటుంది, పైన మనం దిద్దుకోవడమే. అయితే ఈ తవ్వకం వానలు పడ్డాకే చేయాలి. ఎండల్లో చేస్తే చాలా చెట్లు చస్తాయి. కానీ ఇల్లు కూల్చేవాళ్లు వానల కోసం ఆగరు కదా.

సిరొంచ బజారులో బట్టల దుకాణం వాళ్ల పాత ఇల్లు ఒకటి ఉండేది. దాన్ని పడగొట్టి వరసగా దుకాణాలు కట్టాలని ఆ సేటు అనుకున్నాడు. పెరట్లో గోరింట చెట్టు, మా దిక్కు మైదాకు అంటాం, మొదలు నా పిక్కంత లావు. ఆయన తల్లి ముసలమ్మ, మేమందరం సేటమ్మ అనేవాళ్లం, ఆ చెట్టును వదిలి ఇల్లు కదలనని కూర్చుంది. కుండీలో పెట్టిస్తానని కొడుకు ఒప్పించి మమ్మల్ని పిలిపించాడు.

"ఎండల తవ్వితే బతుకుతదా తిరుపతీ?" అని అడిగింది సేటమ్మ.

"చెప్పలేనమ్మా. వానల దాక ఆగితే మంచిగుంటది."

"మా వాడు ఆగుతడా? జేసీబీవానికి ఎప్పుడో చెప్పి పెట్టిండు."

నేను నవ్వుతూ అన్నాను. "గీ ముసలి చెట్టుతోని ఏం పరేషానమ్మా? కొమ్మ గుచ్చితే కొత్తది మస్తు వస్తది."

"కొత్తది పెరిగేదాక నేనుంటనా బిడ్డా? ఆషాఢం వస్తే గల్లీల ఆడోళ్లంత ఆకుకు వస్తరు. గడపల కూసుంటరు, జర ముచ్చట పెడతరు. మొగుడు పోయిన కాంచి నా దగ్గరికి మనుషులు వచ్చేది గా ఒక్క నెలనే."

తెల్లారగానే పని మొదలుపెట్టాం. మగవాళ్లు చెట్టు చుట్టూ గాడి తీశారు. వేళ్లను పట్టుకుని ఉండే మట్టి ముద్దను రూట్ బాల్ అంటారు. అది పగిలితే సన్నటి పీచు వేళ్లు తెగిపోతాయి, చెట్టు నీళ్లు తాగేది వాటితోనే. అందుకే తడి గోనెసంచితో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి పైకి తీయాలి. నా పని ఆకు దూయడం. వేళ్లు తెగిన చెట్టు నీళ్లు తాగలేదు, ఆకు మాత్రం ఎండకు నీళ్లు వదులుతూనే ఉంటుంది. కాబట్టి ఒక్క ఆకు మిగలకుండా తీసేయాలి, కొమ్మలు ఎండిపోకుండా మీద నీళ్లు చల్లుతూ ఉండాలి. రబ్బరు గ్లౌజులు వేసుకునే మొదలుపెట్టాను. ముదురు మైదాకు కొమ్మకు కొసన ముల్లు ఉంటుంది, కాసేపటికే గ్లౌజులు చీలికలైపోయాయి. ఎండ ఎక్కకముందే అయిపోవాలని వట్టి చేతులతో దూశాను. చెమట, నీళ్లు, నలిగిన ఆకు, అన్నీ అరచేతుల్లోనే.

చెట్టును ట్రాలీలో ఎక్కించాక సేటమ్మ నాకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నీ చేతులు చూడే, కొత్త పెండ్లిపిల్ల లెక్కయినయి," అని నవ్వింది.

ఆ వెంటనే ఆమె చూపు నా మెడ మీదికి పోయింది. పుస్తె లేదు. ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయింది. అప్పటికి నా చేతులు నారింజ రంగులోనే ఉన్నాయి. మరునాడు లేచి చూస్తే చిక్కటి ఎరుపు. ఆయన బతికున్నప్పుడు ఎన్ని ఆషాఢాలు పెట్టుకున్నానో, నా చెయ్యి ఎన్నడూ అంతగా పండలేదు.

ఆ వారంలోనే బామ్నిలో మా అత్తగారింట్లో ఆయన ఏడాది మాసికం, అంటే సంవత్సరీకం, ఉంది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తాం. పిట్టకు పెట్టుడు అంటాం. మా ఇంట్లో ఆ విస్తరి భార్యే పెట్టాలి. ఆయన పోయిన రోజు నేను నర్సరీలో ఉన్నాను. ఆఖరి నీళ్లు నా చేత్తో పోయలేదు. కనీసం ఈ విస్తరి నా చేత్తో పెట్టాలని ఏడాది పొడుగునా అదే అనుకుంటూ ఉన్నాను. మొగుడు పోయినదాని చేతులు ఎర్రగా ఉంటే ఆ ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. సబ్బుతో రుద్దాను. చింతపండుతో రుద్దాను. నీళ్ల తొట్టి కడిగే బ్లీచింగ్ పౌడర్ వేసి రుద్దాను. చివరికి ఇటుక ముక్కతో కూడా. రంగు పోలేదు, తోలు పోయింది.

ఇక్కడ నర్సరీలో చెట్టును గ్రీన్ నెట్ కింద పెట్టాం. ఎండను సగం ఆపే పచ్చటి వల అది. ఆకు లేని చెట్టు వట్టి కట్టెలా ఉంటుంది. బతికుందో లేదో తెలియాలంటే బెరడును గోటితో కొంచెం గీరి చూస్తాం, కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. తిరుపతన్న సేటమ్మకు ఒకసారి గీరి చూపించాడు. ఇక ఆమె ఆటోలో వచ్చిన ప్రతిసారీ తానే గీరడం మొదలుపెట్టింది.

"గీకకమ్మా. బతికున్నదాన్ని నువ్వే చంపుతవు," అన్నాను.

"మరి లోపల ఏమైతుందో నాకెట్ల ఎరుకైతది?" అంది. తర్వాత నా చేతుల దిక్కు చూసింది. "నువ్వేం జేసుకుంటున్నవే గా చేతుల్ని?"

నేను గుడ్డ చుట్టుకుని నీళ్లు పట్టడానికి పోయాను.

మాసికం రోజు బామ్నికి పోయేసరికి మా అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను చేతులు కొంగులో పెట్టుకునే కూర్చున్నాను. మా యారాలు, అంటే మా మరిది భార్య, కూరగాయల పళ్లెం చేతికి ఇచ్చింది. అందుకోక తప్పలేదు.

"ఏమైంది చేతులకు?" అంది అత్త.

"నర్సరీల మైదాకు చెట్టు తీసినం అత్తా. ఆకు దూస్తుంటే అంటింది."

"అంటితే అంటింది, పని జేసే చేతులు. మరి గీ పుండ్లేంది?"

"పోవాలని ఇటుకతోని రాకిన."

"పనిల అంటిన రంగేనాయె. రాకుడెందుకు, కొంగుల పెట్టుకునుడెందుకు?"

యారాలు కత్తిపీట ముందు నుంచే అంది. "ఏం లేకుంటే దాస్తరా అత్తా ఎవరన్న?"

అత్త అరవలేదు. అరిచినా బాగుండేది. చాట పక్కన పెట్టి, "రంగుతోని వచ్చి నిజం చెప్తే నీతోనే పెట్టిద్దును. దాసుకున్న చేతులతోని నా కొడుక్కు పెట్టనియ్య," అంది.

విస్తరి యారాలు పెట్టింది. నేను మేకల కొట్టం దగ్గర నిలబడ్డాను. కాకి రాకపోతే బాగుండు అనుకున్నాను. నా చెయ్యి లేనిది ఆయన తినడని వాళ్లకు తెలవాలి అనుకున్నాను. విస్తరి కింద పెట్టి యారాలు లేచిందో లేదో కాకి వాలింది. వాలి వాలగానే ముట్టింది.

వానలు పడ్డాక మైదాకు చెట్టు చిగురు వేసింది. సేటమ్మ గీరిన వైపు మాత్రం బెరడు ఎండి ఊడిపోయింది, ఆ వైపు కొమ్మలు చచ్చాయి. బోన్సాయ్‌లో అట్లాంటి ఎండు భాగం కూడా అందమేనని సేటు సంబరపడి, దుకాణాలు కట్టడం అయ్యాక కుండీని కొత్త దుకాణంలో గల్లా పక్కన పెట్టించాడు. మరుసటి ఏడు ఆషాఢంలో సేటమ్మ కనబడితే అడిగాను. ఆకుకు ఎవరూ రాలేదని చెప్పింది. కుండీ చెట్టు ఆకు ఒక్క చేతికి కూడా సరిపోదు, దుకాణంలో కూర్చోవడానికి గడప కూడా లేదు.

నర్సరీలోకి కొత్తగా పనికి వచ్చే ఆడవాళ్లకు ఇప్పుడు నేనే పని నేర్పిస్తాను. మైదాకు దూసే ముందు చేతులకు నూనె పట్టించుకోమంటాను. మరిచిపోయి రంగు అంటితే అంటనియ్యి, గీరొద్దు, దాచొద్దు, అడిగినవాళ్లకు చెయ్యి చాపి చూపించు అంటాను. రంగు దానంతట అదే పోతుంది. నా అరచేతుల్లో పుండ్లు మానినచోట చర్మం ఇప్పటికీ తెల్లగా, ముడతలు పడి ఉంది.

ఏటా వచ్చే ఆయన మాసికానికి బామ్ని నుంచి నాకు కబురు రాదు. ఆ రోజు మధ్యాహ్నం సద్ది డబ్బా విప్పి, ఒక ముద్ద తీసి నర్సరీ గట్టు మీద పెడతాను. కాకి వచ్చిందో లేదో చూడటానికి నిలబడను. పైపు తీసుకుని మొక్కల దగ్గరికి పోతాను.