పెనుకొండ ఎలుకల మామ

గత నెలలో మా మేనమామ పోయాడు. కబురు అందేసరికి నేను ధర్మవరం స్టేషనులో ఇడ్లీ పొట్లం విప్పుతున్నాను. ఫోనులో అత్త, “మీ మామ ల్యాడురా, గుండె ఆగిపాయ” అంది. పొట్లం మళ్లీ కట్టేసి, వచ్చిన బెంగళూరు ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగాను. ఆయన గురించి రాయడానికి పెద్దమనుషులెవరూ ముందుకు రాలేదు కాబట్టి, జువాలజీ డిగ్రీ సెకండ్ క్లాసులో గట్టెక్కిన అర్హతతో నేనే ఈ భారం తలకెత్తుకుంటున్నాను.

మామ ఉద్యోగం చెబితే జనం నవ్వేవారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో ఆయన ఎలుకలను సాకేవాడు. తొంభైల చివర్లో చేరాడు. సోమవారం తెల్లవారుజామున బండెక్కితే తిరిగి రావడం శనివారం సాయంత్రమే. రాగానే అత్త పెరట్లో వేడినీళ్లు చూపించేది. స్నానం కాకుండా గడప దాటనిచ్చేది కాదు. మామ దాన్ని అవమానంగా తీసుకోలేదు. “ఆ ఎలకల దగ్గరికి పోవల్లన్నా స్నానం చేసే పోవల్ల. నీకంటే వాటికే పట్టింపు తక్కువ, నన్ను ఒగ మాటనవు” అనేవాడు.

వీధి చివర టీ అంగడిలో ఎగతాళికి కొదవ లేదు. “ఏమప్పా, ఎలకలకు మేతేసి జీతం తీసుకుంటాండావంట! మా ఇంట్లోవి మా నాయన కాలం నుంచి ఊరికే తింటాండాయి. వాటికీ ఒక ఉద్యోగం చూడు” అని అంగడాయన అంటే, మామ టీ ఊదుకుంటూ, “మీ ఎలకలకు చదువు ల్యాదబ్బా” అనేవాడు.

ఆయన ఎలుకలు నిజంగానే వేరు. వాటి జన్యువుల్లో ఒకదాన్ని పుట్టకముందే తీసేశారు. ఇది నాకు కాలేజీలో మూడు పీరియడ్లు చెప్పారు, అర్థం కాలేదు. మామ ఒక్క ముక్కలో చెప్పాడు. “బుక్కపట్నం చెరువు కాడ తూము ఎత్తి దించే నీరుగంటి ఉంటాడు సూడు. మడి తడిసినాక నీళ్లు నిలిపేది ఆయప్పే. మన ఒంట్లో కూడా పెరిగింది సాలు, నిలబడు అని చెప్పే నీరుగంటి ఒకడుండాడు. ఈ ఎలకలకు వాణ్ని పీకేసినారు. ఇంగ క్యాన్సరు గడ్డ లేచేది ఖాయం. ఎప్పుడు లేస్తాది, ఏ మందు పెడితే లేటుగా లేస్తాది, అదే పరిశోధన చేసే మా మేడమ్ సూసేది.” పరీక్షలో ఇదే రాశాను. నీరుగంటిని మాత్రం కొట్టేశారు.

ఆయన చెప్పిన మాటల్లో నేను మరిచిపోలేనిది ఒక సోమవారం బండిలో విన్నాను. అప్పట్లో నేను మామ ఇంట్లోనే ఉండి హిందూపురం కాలేజీకి పోయేవాణ్ని. పెనుకొండ నుంచి ఇద్దరం ఒకే పెట్టెలో. ఆ రోజు ప్రాక్టికల్ రికార్డు ఇవ్వాలి. నీళ్లు వేడెక్కే కొద్దీ చేప నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలు ఆడిస్తుందో లెక్కపెట్టే ప్రయోగం. నేను కిటికీ పక్కన కూర్చుని అంకెలు చకచకా నింపుతున్నాను.

“ఏమల్లుడా, ఆ చేప యాడుండాది?” అన్నాడు మామ.

“రికార్డులో ఉంది మామా.”

“నువ్వు సూసినావా?”

“అందరి చేపలూ ఒకే మాదిరి ఆడిస్తాయిలే.”

మామ నవ్వలేదు. నా జోకుకు ఆయన నవ్వకపోవడం అదే మొదలు. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు.

మామది పట్టుపురుగులు పెంచిన ఇల్లు. ఆ పనిలో ఒక నియమం ఉంది: రోజూ పొద్దున తట్టలు చూడాలి, డీలాపడిన పురుగును వెంటనే ఏరేయాలి. లేకపోతే తట్టంతా పోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, నాలుగు రోజులు వరసగా సెలవులొచ్చాయి. ఎలుకల గదిలో మామ ఒక్కడే. రెండు వరసల డబ్బాలు. ఒక వరసకు మందు కలిపిన మేత, రెండో వరసకు ఉత్త మేత. రెండింట్లోనూ కొన్ని ఎలుకలు చిక్కిపోయి, గడ్డలు లేచి ఉన్నాయి. చేతులు ఊరుకోలేదు. ఆ జబ్బువాటినన్నిటినీ ఏరి ఒకే డబ్బాలో వేసి, మంచిదే కదా అని మందు మేత పెట్టాడు.

ఐదో రోజు ఒక విద్యార్థి ఎవరికో చెబుతుంటే విన్నాడు: ఇక్కడ అందరూ ఎదురుచూస్తున్నదే ఆ గడ్డల కోసమని, ఆ జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటేది కాదని. చెవుల మీద గుర్తులుంటాయి కాబట్టి మామ ఎవరూ చూడకుండా దేని డబ్బాలో దాన్ని పెట్టేశాడు. అంతా యథాప్రకారం. మేడమ్ వచ్చింది, తూకాలు వేసింది, రాసుకుంది. ఆ మరుసటి నెలే మామను పర్మనెంటు చేసే కాగితం మీద ఆమె సంతకం కావాలి.

“రెండు దినాలు మాట్లాడలేదురా. మూడోనాడు పోయి చెప్పినా. అమ్మా, నాలుగు దినాలు ఉత్త మేతవి కూడా మందు తిన్నాయి, నీ లెక్క తప్పు పడతాది అన్నా. ఆయమ్మ కుర్చీలో కూలబడిపాయ. ఎన్నో నెలల పని. ఎందుకు చెప్పినావయ్యా, నాకు తెలిసేదే కాదు గదా అనింది.”

“నువ్వేమన్నావు?”

“నీకు తెలియదమ్మా. రేపు ఈ కాగితం నమ్మి ఎవరో ఒకామె ఈ మందు మింగుతాది. ఆమెకు తెలుస్తాది అన్నా.”

ఆ ఏడు పర్మనెంటు కాగితం ఇంకొకరికి పోయింది. మామ మరో మూడేళ్లు తాత్కాలికంగానే ఉన్నాడు. అత్త అడిగితే ‘పైన ఖాళీ ల్యాదంట’ అన్నాడు. మేడమ్ మాత్రం కొత్త ఎలుకలతో మొత్తం మళ్లీ మొదలుపెట్టి, ఆ గది తాళం మామ చేతికే ఇచ్చింది. గడ్డలు కొలవడం కూడా ఆమే నేర్పించింది.

హిందూపురంలో దిగి కాలేజీకి పోయాను. రికార్డులో ఆ పేజీలు చింపి, మా లెక్చరర్ ముందు నిలబడి చేప కావాలని అడిగాను. ఆయన నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాడు. ఆలస్యానికి మార్కులు కోశారు. ఆ సాయంత్రం ఒక జిలేబి చేప ముందు గంటన్నర కూర్చుని మొప్పలు లెక్కపెట్టాను. నేను ఊహించి వేసిన అంకెల్లో ఒక్కటీ సరిపోలేదు. చేపలన్నీ ఒకే మాదిరి ఆడించవు. ఇది నేను సొంతంగా కనిపెట్టిన ఏకైక శాస్త్ర సత్యం.

ఆ వేసవిలో మామతో బెంగళూరు వెళ్లాను. లోపలికి నన్ను రానివ్వరు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూడమన్నాడు. మామ ఒంటిమీద తెల్ల గౌను, టోపీ, ముఖానికి గుడ్డ, కనిపించేవి కళ్లే. మందు మేత వరసలో అప్పటిదాకా అన్నీ గడ్డల్లేకుండా నున్నగానే ఉన్నాయని బండిలో ఎంత సంబరంగా చెప్పాడో. ఆ వరసలో నాలుగో డబ్బా తీశాడు. ఎలుకను ఎడమ చేతిలోకి తీసుకుని, పొట్ట పక్కన బొటనవేలితో తడిమి, గడ్డ తగిలినట్టు ఆగిపోయాడు. వెర్నియర్ ఆనించి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. నేను అద్దం మీద తట్టి చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. ఎలుక వీపును ఒక్కసారి నిమిరి, మూడోసారి కొలిచి, డబ్బాకున్న కార్డు దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క అంకే పలక మీద దిద్దినట్టు రాస్తున్నాడు.