వైద్యుడు చూడని సముద్రం

సూర్యాపేట అంగట్లో ఎండుచేపల బుట్ట దింపగానే చుట్టుపక్కలవాళ్ళు కొంగో కండువానో ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం రెండడుగులు దగ్గరికి జరిగి నిండా ఊపిరి పీలుస్తాను. చేపలు వండని ఇంటివాణ్ణి కనుక చూసినవాళ్ళకు నా మీద అనుమానం కలగడం సహజమే. ఆ ఉప్పు వాసనలో నాకు చేపలు కనిపించవు. ఒక బక్కపలచని మనిషి చాప మీద కూర్చుని, కళ్ళు సగం మూసి, తానెన్నడూ చూడని సముద్రాన్ని నాకు మందుగా రాసిస్తూ కనిపిస్తాడు. ఆయన పేరు వీరభద్రయ్య. సూర్యాపేటలో వైద్యం చేసేవాడు.

అది నలభై తొమ్మిదో సంవత్సరం. కాలేజీ చదువు ముగించి మిర్యాలగూడ బడిలో పంతులుగా చేరాను. అంతకు ముందటి ఏడాది మా వైపు జనమంతా దాడుల భయంతో బతికారు. అందరికీ భయం తగ్గాక నాకు మొదలైంది. నేను అన్నిట్లోనూ కొంచెం ఆలస్యమే. రోజూ సాయంత్రం నాలుగింటికి గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి, చనిపోతున్నానని రూఢిగా తెలిసిపోయేది. అయిదింటికి చాయ్ తాగేవాణ్ణి. జేబుగడియారం మూడున్నర చూపించిందంటే మరణానికి సిద్ధపడటం మొదలుపెట్టేవాణ్ణి. ఆఖరి గంటలో పాఠం మధ్యన వదిలేసి వరండాలోకి పారిపోవడం నాలుగోసారి జరిగాక హెడ్మాస్టరు పది రోజులు సెలవిచ్చారు. "బాగై రాండి. బాగు కాకుంటె రాకుండ్రి" అన్నారు. ఆయన మాట ఎప్పుడూ స్పష్టంగా ఉండేది.

ఆ సెలవులో సూర్యాపేట వచ్చాను. వీరభద్రయ్య నా నాడి పట్టుకుని చూశాడు. తర్వాత చూర్ణాల డబ్బాలవైపు కూడా చూడకుండా, "పంతులూ, బందరు పో. సముద్రంల దిగి నిలవడు" అన్నాడు.

"మీరు సూసిండ్రా అయ్యా, సముద్రం?"

"అతిమధురం ఏడ మొలుస్తదో నేను సూడలె. దగ్గుకు ఇస్తలేనా?"

ఆయన నమ్మకం వెనక ఒక కథ ఉంది. ఉబ్బసంతో నాలుగడుగులు వెయ్యలేని బట్టల వ్యాపారి ఒకాయన తండ్రి అస్థికలు కలపడానికి బందరు వెళ్ళి, వారం ఉండి, కడుపునిండా తింటూ, రాత్రంతా నిద్రపోతూ తిరిగివచ్చాడట. అప్పటినుంచి వైద్యుడు ఊపిరాడనివాళ్ళనూ, నిద్రపట్టనివాళ్ళనూ, మనసు చెదిరినవాళ్ళనూ సముద్రానికి పంపేవాడు. నాకన్నా ముందు పదిమంది వెళ్ళారు. మందన్నాక పథ్యం ఉండాలి కదా, చీటీ మీద అదీ రాసిచ్చాడు: పొద్దున మోకాలి లోతు, మధ్యాహ్నం పొద్దు వాలినాక నడుము లోతు, నీళ్ళలో మాట్లాడరాదు, వంకాయ, పులుసు వద్దు, ఆలోచన వచ్చిన యెడల అలను చూడవలెను.

కోదాడలో బస్సు ఆగినప్పుడు చాయ్ పోసే ముసలమ్మ అడిగింది, "ఎందాకా బాబూ?"

"సముద్రానికి."

ఆమె గ్లాసు పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "అయ్యో. ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదు. నేనే పోయేటట్టున్నానని పంపించిండ్రు."

ఆ చాయ్‌లో చక్కెర కొంచెం ఎక్కువే వేసింది.

బందరు సత్రంలో దిగి రోజూ జట్కాలో సముద్రానికి వెళ్ళేవాణ్ణి. మొదటిసారి చూసినప్పుడు ఏదో గొప్ప మాట అనుకోవాలని ఉండింది. "అవతలి గట్టు లేదే" అని మాత్రం అనుకున్నాను. మొదటి రెండు రోజులూ నాలుగింటికి నా మరణం బందరుకు కూడా వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం పొద్దు వాలగానే చొక్కా విప్పి, గడియారం జేబులోనే ఉంచి, చెప్పులు దాని మీద పెట్టి, అన్నీ నీటి అంచున పేర్చాను. మా చెరువు దగ్గర చేసే పనే అది. తర్వాత నడుము లోతు వెతుక్కుంటూ బయలుదేరాను. అక్కడి సముద్రం మెరక. ఎంత నడిచినా మోకాలే. వైద్యుడి మాట తప్పకూడదని నడుస్తూ పోయాను, ఒడ్డున తాటిచెట్లు చీపురుపుల్లలయ్యేదాకా.

నడుము లోతులో అల వచ్చి నన్ను కాస్త పైకెత్తి, మళ్ళీ మెల్లగా దించేది. ఎత్తినప్పుడు ఊపిరి లోపలికి, దించినప్పుడు బయటికి. కాసేపటికి ఆ పని నేను చేస్తున్నానో నీళ్ళు చేస్తున్నాయో తెలియలేదు. నీటికీ ఆకాశానికీ మధ్య గీత ఉందో లేదో తెలియలేదు. అరికాళ్ళ కింద ఇసుక జారుతుంటే, ఎవరో నన్ను నిద్రపుచ్చుతూ మెల్లగా పక్క సర్దుతున్నట్టు ఉండింది. ఏ ఆలోచనా రాలేదు. అలను చూడాల్సిన అవసరం కూడా పడలేదు.

తిరిగొచ్చేసరికి ఒడ్డు ఉంది, నా చొక్కా లేదు. గడియారమూ లేదు, చెప్పులూ లేవు. అక్కడే గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"బట్టలు నీళ్ళ పక్కనే పెట్టారా బాబూ? ఇదేవన్నా మీ ఊరి చెరువనుకున్నారా, పెట్టింది పెట్టినచోట ఉండటానికి? పోటు వచ్చింది, పట్టుకుపోయింది."

"ఇప్పుడు టైమెంతమ్మా?"

ఆమె సూర్యుణ్ణి చూసింది. "అయిదు దాటింది."

నాలుగింటికి నేను చనిపోవడం మరిచిపోయాను. ఆమె మొగుడి పాత చొక్కా తొడుక్కుని, వంటి మీద ఉప్పు చిటచిటలాడుతుంటే, నవ్వుకుంటూ జట్కా ఎక్కాను. ఆ రాత్రి సత్రంలో రెండోసారి అన్నం అడిగాను, తెల్లారేదాకా నిద్రపోయాను.

సూర్యాపేటకు రాగానే వీరభద్రయ్య మిగిలిన రోగులను అరుగు మీద కూర్చోబెట్టి, ముందు వెళ్ళిన పదిమంది చెప్పింది రాసుకున్న నోటుపుస్తకం తెరిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. చప్పుడు ఎట్లుంటదని అడిగాడు. రంగు అడిగాడు. నేను చెప్పడం ఆపినా ఆయన కలం దించేవాడు కాదు, మళ్ళీ మొదలుపెట్టేదాకా చూసేవాడు. పోటు సంగతి చెప్పినప్పుడు మాత్రం తలెత్తాడు.

"వాన లేకుంట నీళ్ళు పైకొచ్చినయా?"

"వచ్చినయి. మళ్ళ ఎనుకకు పోయినయి."

"ఎవరు తూము ఎత్తకుంటనే?"

"ఎవరు ఎత్తకుంటనే అయ్యా."

ఆయన కలం పక్కన పెట్టాడు. "ఇన్నేండ్ల సంది పంపుతున్న, ఒక్కడు గీ మాట చెప్పలె" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు, ఈసారి నాడి కోసం కాదు. "నీ నాలుగ్గంటలది గూడ గంతే కావచ్చు పంతులూ. వస్తది, పోతది. నువ్వు నిలవడు."

మీరూ ఒకసారి రండి, నేను తీసుకుపోతానన్నాను. ఆయన నోటుపుస్తకం మూసి నవ్వాడు. "పోతే నాకు ఒక్క సముద్రమే కనవడతది. ఇప్పుడు పదకొండున్నయి."

సెలవు ముగిశాక మొదటి రోజే, ఆఖరి గంటలో, అది వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. పాఠం ఆపలేదు. నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినిపించింది. కాసేపటికి దానంతట అదే వెనక్కి పోయింది. పిల్లలకు ఏమీ తెలియలేదు. ఇంటిపని ఇవ్వడం మాత్రం మరిచిపోయాను, అందుకు వాళ్ళు చాలా రోజులు నన్ను మంచివాడనుకున్నారు. తర్వాత కూడా అది వస్తూ పోతూ ఉండేది, రాకపోకల మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఉద్యోగం మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా నిలిచింది.

వీరభద్రయ్య సముద్రం చూడకుండానే పోయాడు. నాకు వైద్యం రాదు. కానీ ఎవరైనా నాలాంటి భయంతో నా దగ్గరికి వస్తే ఎదురుగా కూర్చుంటాను, అడుగుతాను, వింటాను. వాళ్ళు చెప్పడం అయిపోయిందని లేవబోతే నేను లేవను. ఇంకాసేపు కూర్చుంటాను. అసలు మాట చాలాసార్లు అప్పుడే బయటికి వస్తుంది.