ఆకులైపోయినాయి

తిరుపతి గోవిందరాజస్వామి సన్నిధి వీధిని తలుచుకుని మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇత్తడి సామాన్లు, గాజులు, పసుపుకుంకాల కొట్లు, వాటి మధ్య జయరావు భోజన హోటలు. యాత్రికులంతా అక్కడి సాంబారును మెచ్చుకునేవారు. అది పోసిన విస్తరాకు ఎవరు కుట్టారని ఒక్కరూ అడగలేదు.

కుట్టింది నాగులమ్మ. కరకంబాడి అడవిలో మోదుగాకు కోసి, ఈనెపుల్లలతో కుట్టి, కట్ట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. ఇరవై ఏళ్ళూ దొడ్డివాకిట్లోనే దించింది. వంటవాడు ఆ ఆకుల మీద నీళ్ళు చిలకరించేవాడు. దాంతో వాటి మైల పోయేదట! మనిషికి మాత్రం ఆ నీళ్ళు పనిచేయలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, హోటళ్ళలోకి ఏ కులంవాళ్ళయినా పోవచ్చని ఊళ్ళో చాటింపు వేశారు. అది విన్నప్పటినుంచి నాగులమ్మకు ఒకటే పట్టుదల. తను కుట్టిన ఆకులో, ఆ హోటల్లోనే, అందరి మధ్యా కూర్చుని తినాలి. ఒక మధ్యాహ్నం వెనక కట్ట దించి, కాళ్ళు కడుక్కుని, వీధివాకిలి గుండా లోపలికి వచ్చింది. నేను పక్క బట్టల కొట్లో గుమాస్తాను. అప్పుడు పంక్తిలో తింటున్నాను.

"సామీ, ఒక బోజనం. దుడ్లు తెచ్చుకున్నా."

జయరావు తలెత్తలేదు. "ఆకులైపోయినాయి," అన్నాడు.

భోజనాలు ముగిశాయని చెప్పడానికి ఆ హోటల్లో వాడే మాట అది. అయినా ఎవరితో అంటున్నాడో చూసుకోవద్దా!

"ఇప్పుడే గదా సామీ ఐదునూర్లు దించినా! యాడికి పోయినాయి? మేక తినిపోయిందా?" అని నాగులమ్మ గట్టిగా అడిగింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. జయరావు మొహం ఎర్రబడింది. "చెప్పినా గదా, పో!"

ఆమె పోలేదు. వెనక దించిన కట్టలోంచి ఒక ఆకు తీసుకొచ్చి, నా పక్కన పరుచుకుని కూర్చుంది. "పెట్టప్పా," అంది, వడ్డించే మునిరామయ్యతో. అతను జయరావు వైపు చూశాడు. జయరావు తల అడ్డంగా ఊపాడు. మునిరామయ్య ఆమె ఆకును దాటి వచ్చి నాకు మారు అన్నం పెట్టాడు.

చాలాసేపు ఆమె ఆ వట్టి ఆకు ముందే కూర్చుంది. చివరికి లేస్తూ నా వైపు తిరిగింది. "నువ్వన్నా ఒక మాట అనగూడదా అబ్బా?"

నేను తలవంచుకుని సాంబారు కలుపుకున్నాను.

ఆమె మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. జయరావును ఇన్నేళ్ళుగా తిడుతూనే ఉన్నాను. ఆ పూట మాత్రం మజ్జిగ అడిగి పోయించుకుని, కడుపునిండా తిని లేచాను.