టైర్లలో గాలి తీయమన్న ఆంటీ

మా జమీందారీ తాతగారి హయాంలోనే పోయింది. ఒకరి చేత చెప్పించుకోకూడదన్న బింకం మాత్రం నాకు మిగిలింది. కంప్యూటర్లలో వై2కె పని ముగిసి సిడ్నీలో ఉద్యోగం పోయాక, ఆస్ట్రేలియా ఎడారిలో ఆదివాసుల బడికి వాలంటీరుగా వెళ్లి లెక్కలు చెప్పేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఐదుగురు పిల్లల్ని వ్యానులో ఇళ్లకు దింపుతుంటే దారిలో ఇసుకలో కూరుకుపోయాం. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే చక్రాలు అంత దిగబడ్డాయి. అక్కడ సెల్‌ఫోన్ పనిచేయదు. నీళ్లు ఒక్క సీసాయే ఉన్నాయి. అందరిలోకీ చిన్నపిల్ల ఎండకు తాళలేక వాంతి చేసుకుంది.

పిల్లలకు తోడుగా వ్యానులో వచ్చే ఆదివాసి ముసలావిడను అందరూ గౌరవంగా ఆంటీ అనేవారు. "టైర్లలో సగం గాలి తీసెయ్, మిస్టర్," అందావిడ.

"ఉన్న గాలి తీస్తే బండి ఎలా కదులుతుంది? నేను నడిచి వెళ్లి సాయం తెస్తాను," అన్నాను.

ఆవిడ దారికి అడ్డంగా నిలబడింది. "వెళ్లు. రేపు నీ శవాన్ని వెతకడానికి మళ్లీ నేనే రావాలి. ముందు ఈ పిల్లను చూడు."

పిల్ల పెదవులు తెల్లగా ఎండిపోయాయి. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, వాల్వులను అగ్గిపుల్లతో నొక్కి నాలుగు టైర్లలోనూ సగం గాలి తీశాను. మెత్తబడ్డ టైర్లు వెడల్పుగా పరుచుకుని ఇసుకను పట్టుకున్నాయి. వ్యాను కదిలింది.

మర్నాడు ఆంటీ బడిలోకి రాగానే నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పరాయివాళ్ల కోసం మా ఇంట్లో ఎవరూ అలా లేవడం నేను చూడలేదు.