గ్రీకు దొర గడ్డం ఎత్తితే

కర్నూలు నుంచి పనిమీద వచ్చి కొల్లేటిలో పడవమీద కైకలూరు పోతుంటే, ఏలూరు తివాచీలు కొనడానికి వచ్చిన గ్రీకు దొర ఒకడు తారసపడ్డాడు. తోడుగా తివాచీలు నేసే ముసలి సాయిబు ఉన్నాడు. గ్రంథాలయంలో గ్రీసు చరిత్రంతా చదివిన నేను ఊరుకుంటానా? గ్రీకులు ఐరోపాకు తల్లివేరనీ, ఆసియా వాళ్లయిన టర్కీ తురుష్కులతో వాళ్లకు ఏ పోలికా లేదనీ సాయిబుకు దారిపొడవునా బోధించాను.

మధ్యాహ్నం నీళ్ల మధ్య లంకలో పడవవాడి ఇంట భోజనం. అతని భార్య కొరమీను పులుసు వడ్డిస్తుంటే దొర గడ్డం పైకెత్తాడు. మనకది "ఏమిటి?" అని అడగడమే కదా.

"కొరమీనండీ," అని ఆవిడ ఇంకో గరిటె పోసింది. మళ్లీ గడ్డం, మళ్లీ గరిటె. దొరకు చెమటలు పట్టాయి.

"వద్దంటున్నారమ్మా," అన్నాడు సాయిబు. "మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిగా పోయి టర్కీవాళ్లకి ఖైదీగా చిక్కానండీ. వద్దనడానికి వాళ్లూ అచ్చం ఇలాగే ఎత్తుతారు."

ఇది నేను ఇంగ్లీషులో చెప్పగానే దొర మండిపడ్డాడు. "అది మాది! తురుష్కులు మా దగ్గర నేర్చుకున్నారు!"

"వందల ఏళ్లు కలిసున్నారు కదండీ, ఎవరిది ఎవరికి అంటుకుందో," అని సాయిబు నావైపు తిరిగాడు. "ఇంతకీ ఈయన ఐరోపానా, ఆసియానా అండీ?"

నేను తల వంచుకుని పులుసు కలుపుకోవడంలో పడ్డాను.

"ఎక్కడివారైతే ఏమండీ, వద్దంటే ఆకుమీద చెయ్యి అడ్డం పెట్టాలి," అని ఆవిడ చేసి చూపించింది.

దొర రెండు అరచేతులూ పులుసులోనే బోర్లించాడు. ఆవిడ కుండ లోపల పెట్టి వచ్చేదాకా ఎత్తలేదు.